వంద గుంజీల నోటుబుక్కు

పోయిన ఆదివారం బీరువా సర్దుతుంటే అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి బయటపడింది. నలభై ఒకటో ఏట ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టినప్పుడు లెక్క రాసుకున్న పుస్తకం అది. మొదటి పేజీలో "గుంజీలు 20, పుషప్‌లు 4 (మోకాళ్లు ఆనించి)" అని ఉంది. పేజీలు తిప్పుతూ పోతే అంకెలు ఎదుగుతూ పోయాయి. ఒకచోట "గుంజీలు 100" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, పక్కన నక్షత్రం వేసుకున్నాను. అంత సంతోషం అన్నమాట. వంద చేరాక రోజూ రాయడం మానేసి వారానికోసారి ఒక టిక్కు పెట్టాను. పదేళ్ల పైచిలుకు టిక్కులే. యాభై నాలుగో ఏట మాత్రం మళ్లీ అంకెలు కనిపించాయి: 100, 100, 70, 40. ఆ పక్కన "కుడి మోకాలు" అని రెండు మాటలు. తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

వాటిని చూస్తూ కాసేపు నేల మీదే కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. ఇప్పుడు నాకు యాభై ఏడు. వారానికి నాలుగు రోజులు వ్యాయామం చేస్తున్నాను. గుంజీలు పన్నెండుకు మించి తీయను. అయినా నలభై ఐదో ఏట ఎత్తలేని బరువు ఇప్పుడు ఎత్తుతున్నాను. వంద నుంచి పన్నెండుకు నేరుగా దారి ఉండగా, సున్నా మీదుగా చుట్టు తిరిగి ఎందుకొచ్చినట్టు?

కీళ్లు నొప్పి పెట్టడం మొదలైతే మనకు రెండే దారులు కనిపిస్తాయి. పళ్లు బిగించి పాత పద్ధతిలోనే చేయడం ఒకటి, చాప చుట్టేసి మూల పెట్టడం రెండోది. నేను రెండూ చేశాను. పైకి అవి ఎదురెదురుగా ఉన్నట్టుంటాయి కానీ రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. వ్యాయామం అంటే నలభైలో చేసిందే, అది చేయగలిగితే చేసినట్టు, లేకపోతే లేనట్టు. నన్ను ఇబ్బంది పెట్టింది వయసు కన్నా ఈ నమ్మకమే ఎక్కువని ఇప్పుడు అనుకుంటున్నాను. మోకాలు పాపం దాని పని అది చేసుకుపోయింది.

ఆరు వారాల మొండితనం

నొప్పి మొదట మెట్లు దిగేటప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. దిగేటప్పుడు మాత్రం చిప్ప కింద ఏదో గుచ్చినట్టు. అదేం తిరకాసు, ఎక్కడమే కదా కష్టం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మోకాలి మార్పిడి చేయించుకున్న కొందరి కృత్రిమ కీళ్లలోనే సెన్సార్లు పెట్టి దీన్ని కొలిచారట. మామూలు నడకలో శరీరం బరువుకు రెండున్నర రెట్లు, మెట్లెక్కేటప్పుడు మూడు రెట్ల పైన, దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు మోకాలి మీద పడుతుంది. అరవై కిలోల మనిషి ఒక్క మెట్టు దిగితే రెండు వందల కిలోలు. అంకె పెద్దదే గానీ దడుచుకోనక్కర్లేదు, అంత మోయడానికే ఆ కీలు తయారైంది. అయితే ఒంటరిగా మోయదు, తొడ కండరం పట్టుకుని ఉంటే మోస్తుంది.

నేను చేసిందేమిటంటే నొప్పికి మందు రాసుకుని, బిగుతుగా పట్టీ తొడుక్కుని, మళ్లీ వంద. ఫోన్‌లో పాతికేళ్ల కుర్రాడెవరో "నో పెయిన్ నో గెయిన్" అని అరుస్తుంటే నాకే చెబుతున్నట్టు ఉండేది. మా ఆయన చూసి చూసి ఒకరోజు అన్నారు: "ఎందుకంత పట్టుదల, ఎవరైనా లెక్కపెడుతున్నారా?"

"నేను పెడుతున్నాను కదండీ" అన్నాను.

ఆ వారమే మా అమ్మాయి, నాకు చెప్పకుండా, నేను చేస్తుండగా ఫోన్‌లో తీసింది. మొదటి ముప్పై బాగానే ఉన్నాయి. చివరి ముప్పై చూస్తే సిగ్గేసింది. మోకాళ్లు రెండూ లోపలికి వాలిపోతున్నాయి, మడమలు లేస్తున్నాయి. నేను కిందికి దిగడం లేదు, పడుతున్నాను. అడుగున తగిలి, ఆ ఊపుతో పైకి ఎగురుతున్నాను. అలిసిపోయిన తొడలు పని వదిలేస్తే ఆ బరువంతా కీలు మీద పడుతోంది. అంటే అన్నేళ్లూ నోటుబుక్కులో రాసిన వందలో నిజంగా వ్యాయామం అనదగ్గవి యాభై అరవైకి మించవేమో. మిగతావి లెక్క కోసం చేసినవి.

"అరిగిపోయింది"

ఎక్స్‌రే చూసిన డాక్టరు "అరుగుదల మొదలైంది, ఈ వయసులో మామూలే, గుంజీలూ మెట్లూ కాస్త తగ్గించండి" అన్నారు. ఆయన తగ్గించమన్నారు. నాకు మానేయమన్నట్టు వినిపించింది. అందులో ఆ "అరుగుదల" అనే మాట పాత్ర ఎంతో ఉంది.

మన భాషలో అరగడం తమాషా మాట. తిన్నది అరిగితే మంచిది, మోకాలు అరిగితే చెడ్డది. చెప్పు అరుగుతుంది, సబ్బు అరుగుతుంది, గంధపు చెక్క అరుగుతుంది. వీటన్నిటికీ ఒక లక్షణం ఉంది, వాడినకొద్దీ తగ్గుతాయి, వాడకుండా ఉంచితే ఉన్నంత ఉంటాయి. "గుజ్జు అరిగిపోయింది" అనగానే మన మనసు చేసే మొదటి పని మిగిలిన కాస్త గుజ్జునీ దాచుకోవడం. నేనూ అదే చేశాను. కూర్చున్న చోటి నుంచి అనవసరంగా లేచేదాన్ని కాదు.

కానీ కీలు సబ్బు బిళ్ల కాదు. గుజ్జు అని మనం అనేది ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి. దానికి రక్తనాళాలు ఉండవు. మరి తిండి ఎలా అందుతుంది? కీలు లోపల ఉండే జిగట ద్రవం నుంచి. బరువు పడ్డప్పుడు మృదులాస్థిలోని నీరు బయటికి పోతుంది, బరువు తీసేసినప్పుడు మళ్లీ లోపలికి వస్తుంది, దాంతో పాటే దానికి కావలసినవి వస్తాయి. నీళ్లలో నొక్కి వదిలిన స్పాంజిలాగా. అంటే కదిలించకుండా దాచుకున్న కీలు ఒకరకంగా పస్తుంటుంది. ఇంకో సంగతి, మృదులాస్థిలో నరాలు కూడా ఉండవు. నొప్పి దాన్నుంచి నేరుగా రాదు, చుట్టూ ఉన్న పొర నుంచో, కింద ఉన్న ఎముక నుంచో వస్తుంది. అందుకే ఫిల్ములో కనిపించే అరుగుదలకూ మనకు తెలిసే నొప్పికీ లెక్క కుదరదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో యాభై దాటిన 710 మందిని తీసుకున్నారు. అందరికీ ఎక్స్‌రేలో మోకాళ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఎంఆర్ఐ తీస్తే వాళ్లలో 89 శాతం మందికి ఏదో ఒక లోపం కనిపించింది. నొప్పి ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ దాదాపు ఒకే తీరుగా.

పరుగు గురించి కూడా ఇలాంటి లెక్క ఒకటుంది. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, సరదాకి పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి మోకాలిలోనో తుంటిలోనో కీళ్ల అరుగుదల ఉంది. పరుగెరగని వాళ్లలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం. ఈ అంకెలు చూపించి "పరుగు మోకాళ్లకు మందు" అనేవాళ్లుంటారు. నేను అంత దూరం వెళ్లను. మోకాలు నొప్పి పెట్టినవాళ్లు ముందే పరుగు మానేసి ఉంటారు, మిగిలినవాళ్ల మోకాళ్లు బాగుండటంలో వింతేముంది? కానీ కీలు సబ్బులా అరిగేదే అయితే, రోజూ వేల అడుగులు పరిగెత్తేవాళ్ల అంకె అంత తక్కువగా ఉండకూడదు కదా.

మంచం కింద ప్లగ్గు

మానేసిన మూడు వారాలకే నొప్పి తగ్గింది. చూశావా, మానేయడమే మందు అనుకున్నాను. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఒక సాయంత్రం ఛార్జరు ప్లగ్గు మంచం కిందికి జారిపోయింది. మోకాళ్ల మీద వంగి తీశాను. తీయడం బాగానే తీశాను, లేవడం రాలేదు. రాలేదంటే అక్షరాలా రాలేదు. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మంచం పట్టె మీద వేసి, పిరుదులు ముందు లేపి, ఆ తర్వాత నడుము లేపి, మెట్లు మెట్లుగా నిలబడ్డాను. ఆ లేవడంలో కుడి మోకాలే కలుక్కుమంది. నాలుగు నెలలు అపురూపంగా దాచుకున్న మోకాలు.

ముప్పై దాటినప్పటి నుంచీ పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం కండ తగ్గుతూ వస్తుందని, అరవై తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుందని చెబుతారు. అది వాడుతున్నవాళ్లకూ కొంత ఉంటుంది, మానేసినవాళ్లకు ఎక్కువ. నాకు నొప్పి తగ్గిన మాట నిజమే, ఆ మోకాలిని నేను ఏ పనీ అడగలేదు గనక తగ్గింది. ప్లగ్గు అంత చిన్న పని అడిగేసరికి బండారం బయటపడింది. మంచం అంచు మీద కూర్చుని ఛార్జరు చేత్తో పట్టుకుని నేను మొదటిసారి భయపడింది ఆరోజే. నొప్పికి కాదు, ఇంకో పదిహేనేళ్లకు ఎలా ఉంటుందో కనిపించినందుకు.

ఐదు అంకెల కుర్చీ

ఫిజియోథెరపిస్టు మా అమ్మాయి కన్నా నాలుగేళ్లు పెద్దదేమో. నా కథంతా వింది. వంద గుంజీల సంగతి కాస్త గర్వంగానే చెప్పాను. ఆ పిల్ల ఏమీ అనకుండా ఒక కుర్చీ జరిపింది.

"చేతులు గుండెల మీద పెట్టుకుని, ఐదు అంకెలు లెక్కపెడుతూ లేవండి. మళ్లీ ఐదు అంకెల్లో కూర్చోండి. కూర్చునేటప్పుడు కుర్చీకి చప్పుడు రాకూడదు."

లోపల్లోపల చిన్నతనంగా అనిపించింది. వంద గుంజీలు తీసిన మనిషిని పట్టుకుని కుర్చీలోంచి లేవమంటోంది. నాలుగోసారికి తొడలు వేడెక్కాయి. ఏడోసారికి వణికాయి. ఎనిమిదోసారి కుర్చీకి చప్పుడు వచ్చింది.

"మోకాలు నొప్పి పెట్టిందా అండీ?"

"లేదు. తొడలు మండుతున్నాయి."

"మనకు కావలసింది అదే."

"రోజుకు ఎన్ని చేయమంటారు?" అడిగాను. అలవాటు పోదు కదా.

"ఎన్ని చేయగలరనిపిస్తే అందులో రెండు తక్కువ. ఇవాళ ఎలా ఉందో నాకు చెప్పక్కర్లేదు. రేపు పొద్దున ఎలా ఉందో రాసుకురండి."

నేను పదమూడేళ్లుగా రాసుకున్న పుస్తకంలో "రేపు పొద్దున" అనే గడి లేనే లేదు. ఎన్ని తీశానో ఉంది, అవి తీసిన ఒంటికి మర్నాడు ఏమైందో లేదు.

నేను మార్చుకున్నవి

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. "మీ శరీరానికి తగ్గట్టు మార్చుకోండి" అని అందరూ అంటారు, ఏం మార్చాలో ఎవరూ చెప్పరు.

గుంజీల్లో మొదట తగ్గించింది లోతు. మోకాలు మడిచినకొద్దీ చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. నాకు ఒక ఎత్తు దగ్గర నొప్పి మొదలయ్యేది, దానికి కొంచెం పైనే ఆగేదాన్ని. అంత ఎత్తు కుర్చీ లేకపోతే ఉన్న కుర్చీలో రెండు దిండ్లు. కొన్ని వారాలకు ఒక దిండు తీసేశాను, ఇంకొన్ని వారాలకు రెండోది. ఇప్పుడు చిన్న పీట ఎత్తు దాకా దిగుతున్నాను, కానీ దానికి ఏడాది పైన పట్టింది. రెండోది వేగం. దిగడానికి నాలుగైదు అంకెలు. నెమ్మదిగా దిగితే పన్నెండు చాలు, వంద అవసరం రాదు. తేలికైపోయిందనిపిస్తే లెక్క పెంచను, బరువు పెంచుతాను. వీపు సంచిలో పుస్తకాలు వేసి గుండెకు హత్తుకుంటాను. మొదట రెండు పుస్తకాలు, ఇప్పుడు సంచి జిప్పు పడదు.

మోకాలు మొరాయించిన రోజుల్లో గోడకుర్చీ. వీపు గోడకు ఆనించి, మరీ కిందికి దిగకుండా, కదలకుండా ముప్పై నలభై సెకన్లు. కీలు కదలదు, కండరం మాత్రం పనిచేస్తుంది. (బడిలో శిక్షగా వేయించిన గుంజీలూ గోడకుర్చీలే యాభై దాటాక మందు కావడం నాకైతే నవ్వొస్తుంది. అప్పట్లో పంతులుగారు లోతు ఎంతో చూసేవారు కాదు, లెక్కే చూసేవారు. ఆ అలవాటు నాకు అక్కడే అంటిందేమో.)

ఒక కాలు ముందుకు వేసి వంగేదాన్ని ముందుకు కాక వెనక్కి అడుగు వేసి చేయడం మొదలుపెట్టాను. ఎంత చిన్న మార్పు! ముందుకు వేస్తే ఆ ఒంటి ఊపంతా ముందు మోకాలు ఆపాలి. వెనక్కి వేస్తే ఆ ఊపు ఉండదు.

మోకాలి తర్వాత మణికట్టు. అరచేతులు నేలకు ఆనించి ప్లాంక్ (ఒళ్లంతా పలకలా నిటారుగా నిలిపి ఉంచడం) చేస్తే మణికట్టు నిలువునా వెనక్కి వంగి, దాని మీద సగం ఒళ్లు ఆగుతుంది. ముంజేతుల మీద చేస్తే ఆ గొడవే లేదు, పొట్ట కండరాలకు పని అంతే. పుషప్‌లు నేల మీంచి టేబుల్ అంచుకు ఎక్కాయి. మా అమ్మాయి "అమ్మా, టేబుల్‌ని ఎటు తోస్తున్నావు?" అని అడిగింది. అడగనీ. నేల మీద ముక్కుతూ నాలుగు చేసేదాన్ని, టేబుల్ మీద శుభ్రంగా పదిహేను చేస్తున్నాను.

భుజానికి నేను నేర్చుకున్నది ఒకటే. చేతులు సరిగ్గా పక్కలకు చాపి పైకెత్తడం మానేసి, ఓ ముప్పై డిగ్రీలు ముందుకు తెచ్చి, బొటనవేలు పైకి ఉండేట్టు ఎత్తడం. భుజం రెక్క ఎముక వీపు మీద చదునుగా ఉండదు, కొంచెం ముందుకు తిరిగి ఉంటుంది, చెయ్యి దాని దారిలో లేస్తే రాపిడి తక్కువ. దీనికి ఒక్క రోజు పట్టింది, ఫలితం వారంలో తెలిసింది. ఎగరడం మాత్రం పూర్తిగా వదిలేశాను. చెయ్యగలనేమో, కానీ ధైర్యం లేదు. బదులుగా మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించుతాను.

పొద్దున్నే పక్క మీంచి దిగీ దిగగానే చేయడం కూడా మానుకున్నాను. ఆ వేళ కీళ్లు పట్టేసి ఉంటాయి. సాయంత్రానికి మార్చాక అదే వ్యాయామం వేరే మనిషి చేసినట్టుంది.

అన్నిటికన్నా కష్టమైంది ఓపిక. కండరం వారాల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు నెలలు కావాలి. మూడో వారంలో "అబ్బ, ఎంత తేలికైపోయిందో" అనిపిస్తుంది చూడండి, సరిగ్గా అక్కడే నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. కండరం సిద్ధం, టెండన్ సిద్ధంగా లేదు. అప్పటి నుంచి ఒకసారికి ఒకటే మారుస్తాను. లోతు పెంచిన వారం బరువు పెంచను.

మర్నాడు పొద్దున

నొప్పి వస్తే ఆపేయాలా? ఈ ప్రశ్నకు "అవును" అనే జవాబు నన్ను నాలుగు నెలలు మంచాన కూర్చోబెట్టింది, "కాదు" అనే జవాబు అంతకు ముందు ఆరు వారాలు కుంటించింది. ఈ రెండింటికీ మధ్య ఒక పద్ధతి ఉంది. డెన్మార్క్‌లో 2013లో మోకాలు, తుంటి అరుగుదల ఉన్నవాళ్ల కోసం గ్లాడ్ అనే వ్యాయామ కార్యక్రమం మొదలైంది. అందులో నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలవమంటారు. చేస్తున్నప్పుడు ఐదు దాకా ఉన్నా ఫర్వాలేదు, కానీ ఇరవై నాలుగు గంటల్లో ముందున్న స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే తర్వాతిసారి తగ్గించి చేయాలి, మానేయడం కాదు.

చదవడానికి తేలికే. మొదట్లో నాకు రెండుకూ నాలుగుకూ తేడా తెలిసేది కాదు. నెల రోజులు రాసుకున్నాక తెలిసింది. తొడ మంట, చిప్ప వెనక పోటు వేర్వేరు. మొదటిదానికి నేను అంకె వేయను.

నొప్పిని ఇలా చూడకూడని సందర్భాలూ ఉన్నాయి. కీలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయినా, నిలబడగానే జారిపోతున్నా, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉన్నా, పొద్దుటి బిగుతు అరగంట దాటి గంటలకొద్దీ ఉన్నా దిండ్లూ కుర్చీలూ వదిలేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చప్పుడు గురించి మాత్రం బెంగ వద్దు. నా మోకాళ్లు ఇప్పటికీ కిర్రు కిర్రుమంటాయి. నొప్పీ వాపూ లేని చప్పుడు ఉత్త చప్పుడే. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడు అరవై ఏళ్ల పైన ఎడమ చేతికి మాత్రమే మెటికలు విరుచుకుని, కుడి చేతిని వదిలేశాడు. చివరికి చూసుకుంటే రెండు చేతుల్లోనూ కీళ్ల జబ్బు లేదు. దీనికి 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. ఒక్క మనిషి మీద ప్రయోగం ప్రయోగమే కాదనుకోండి. కానీ అరవై ఏళ్లు గుర్తుపెట్టుకుని ఒక చెయ్యి వదిలేశాడు చూడండి, ఆ లెక్కల మనిషి నాకు చుట్టం అనిపిస్తాడు.

మా అక్క మాట

ఇదంతా విని మా అక్క ఒక్క మాట అంది: "నడక చాలదుటే? రోజూ ముప్పావుగంట నడుస్తున్నాను, నాకే నొప్పీ లేదు. నువ్వు చేసి చేసి మోకాలు పాడుచేసుకున్నావు, మళ్లీ దాన్నే మందంటావు."

అక్కకి అరవై రెండు. తను చెప్పింది తప్పని నేను అనలేను. నడక ఆమెకు పడింది. గుండెకు మంచిది, మనసుకు మంచిది, మోకాళ్లకూ చెరుపు చేయదు. పైగా నా మోకాలి కథ నాకే వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది. నేను గుంజీలు తీయకపోతే ఆ నొప్పి వచ్చేదా?

కానీ ఆమె సోఫాలోంచి లేవడం నేను చూస్తుంటాను. ముందుకూ వెనక్కీ మూడుసార్లు ఊగి, ఊపు తీసుకుని లేస్తుంది. నడక ఆ కండరాన్ని ఆ లోతులో ఎప్పుడూ అడగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సిఫార్సుల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి, అరవై ఐదు దాటితే మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం కూడా చేయమంది. మొదటి వాక్యం అందరికీ గుర్తుంటుంది. రెండోది ఎవరూ చదవరు.

అక్క కోసమని పెద్దవాళ్ల వ్యాయామం పేరుతో ఉన్న వీడియోలు కొన్ని చూశాను. కుర్చీలో కూర్చుని, సంగీతానికి చేతులు ఊపుతూ, చీలమండలు తిప్పుతూ. హాయిగా ఉన్నాయి. కదలలేని వాళ్లకు అదే గొప్ప. కానీ మెట్లెక్కి వచ్చే మనిషికి అది వ్యాయామం కాదు, కాలక్షేపం. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులు ఎత్తించారు. తేలిక బరువులు కాదు, వాళ్లు మోయగలిగిన దానిలో ఎక్కువ వంతు. చివరిదాకా నిలిచిన తొమ్మిది మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల వాళ్లు! చిన్న అధ్యయనమే, పక్కన నిపుణులు ఉండి చేయించారు. అయినా "ఈ వయసులో ఇంకేం పెరుగుతుంది" అనే మాట నా దగ్గర ఎవరైనా అంటే నేను దీన్నే ఎత్తుతాను.

అక్క నవ్వేసింది. "నీకు వ్యాయామం పిచ్చి. దానికి శాస్త్రం తొడుగుతున్నావు" అంది. కొంత నిజమే.

తేలని సంగతులు

నా మోకాలు నిజంగా దిండ్ల వల్లే బాగుపడిందా? కీళ్ల నొప్పి ఊరికే కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగినప్పుడే మనం ఏదో ఒకటి చేస్తాం, తర్వాత తగ్గితే చేసినదానికి పేరొస్తుంది. పైగా నాకు నెలసరి ఆగిన రోజులూ సరిగ్గా అవే, ఆ వయసులో చాలామంది ఆడవాళ్లకు ఒళ్లంతా కీళ్ల నొప్పులు ఉంటాయి. అది సర్దుకుని తగ్గిందేమో కూడా. నోటుబుక్కులో చూస్తే ఏమీ చేయని రోజున మోకాలు నాలుగు చూపించిన పొద్దులున్నాయి. వెనక్కి చూస్తే ముందు రాత్రి నిద్ర లేదనో, ఇంట్లో ఏదో టెన్షన్ అనో తెలుస్తుంది.

బరువు తగ్గమనే సలహా గురించి కూడా చెప్పాలి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. లెక్క మంచిదే. కానీ నొప్పితో వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదట చెప్పేది ఇదే అయితే, ఆ మనిషి రెండోసారి అడగదు. నాకు మూడు కిలోలు తగ్గాయి, కుర్చీ వ్యాయామం మొదలుపెట్టిన ఏడాదికి. ముందు తగ్గి తర్వాత మొదలుపెడదామనుకుంటే ఇంకా కూర్చునే ఉండేదాన్ని.

ఇంకో అనుమానం నన్ను అప్పుడప్పుడు కుదుపుతుంది. మార్చుకోవడం ఎక్కడ ఆగి, వెనకడుగు ఎక్కడ మొదలవుతుంది? ఎగరడం వదిలేశాను. నేల మీది పుషప్‌లు వదిలేశాను. ఒక్కోదానికీ మంచి కారణమే ఉంది. ఇలా మంచి కారణాలతోనే పదేళ్లలో చేతులు ఊపే వీడియో దగ్గరికి చేరతానేమో. అందుకని ఆరు నెలలకోసారి, వదిలేసిన వాటిలో ఒకటి తీసి, బాగా తగ్గించి, మళ్లీ అడిగి చూస్తున్నాను. ఈ నెల నేల మీది పుషప్ వంతు, మణికట్టు వంగకుండా డంబెల్స్ పిడి పట్టుకుని. రెండు వచ్చాయి. మర్నాడు మణికట్టు ఒకటి చూపించింది, సాయంత్రానికి అదీ పోయింది.

ఆదివారం ఆ పాత పుస్తకాన్ని మళ్లీ బీరువా అడుగు అరలోనే పెట్టేశాను. నేల మీంచి లేవబోతూ, చేతులు ఆనించకుండా లేస్తే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. సగం దాకా లేచాను. తర్వాత బీరువా తలుపు పట్టుకున్నాను. సోమవారం పొద్దున మోకాలు రెండు. కొత్త పుస్తకంలో రెంటినీ రాశాను, తలుపు పట్టుకున్న సంగతితో సహా.